చేతులుంచిన పెట్టె

ఎండ ముదిరిన ఆ మధ్యాహ్నం మార్కాపురం ఆస్పత్రి ముందు అంబులెన్సు ఆగేసరికి ఫెబీ ల్యాబు గుమ్మంలోనే నిలబడి ఉంది. పొద్దుటినుంచి ఆమెకు వేరే పని చేతికి ఎక్కలేదు. జ్వరాల రక్తాలు, షుగరు రక్తాలు అన్నీ తోటి అమ్మాయి కృపకు అప్పజెప్పి, మైక్రోస్కోపు అద్దాన్ని తుడిచిందే తుడుస్తూ కూర్చుంది. డ్రైవరు రంగయ్య తెల్లటి పెట్టెను పొట్టకు అదిమి పట్టుకుని మెట్లెక్కుతున్నాడు. వెనకాలే ఆమె తండ్రి అబ్రహాము. హైదరాబాదు నుంచి అంత దూరం బండిలో కుదుపులు తింటూ వచ్చిన పెద్దమనిషి, అలసిపోయి ఉండాలి గదా! ఆయన మొహం చూస్తే పెళ్లి చూసి వచ్చినట్టుంది.

"తెచ్చినామమ్మా," అన్నాడు. "నీ తమ్ముణ్ణి తెచ్చినాం."

ఆ మాటలో అబద్ధమేమీ లేదు. పెట్టెలో ఉన్నది ఫిన్నీయే. పై అంతస్తులో మంచానికి అతుక్కుపోయి ఉన్నదీ ఫిన్నీయే. మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో గొంతుక్కూర్చుని రాతి పొరలు విడదీసే పిల్లవాడు. రాతి దుమ్ముకు ఆయాసం పట్టుకుంటే, చిటికెలో తగ్గించే సూదులని ఊళ్లో వైద్యుడి దగ్గర ఏళ్ల తరబడి వేయించుకున్నాడు. ఆ సూదులు ఆయాసాన్ని తగ్గించిన మాట నిజమే, దాంతోపాటు తుంటి ఎముకను కూడా లోపల్లోపలే తినేశాయి. తుంటి గుండు ఎండి, కుంగడానికి సిద్ధంగా ఉంది. కుంగిపోతే ఇనుప కీలు వేయడం తప్ప దారి లేదని, వేస్తే ఇక జన్మలో గొంతుక్కూర్చోకూడదని డాక్టర్ గోపాలకృష్ణ ముందే చెప్పేశాడు. గొంతుక్కూర్చోకుండా పలకల పని ఎవడు చేస్తాడు? కూలిపని మాత్రం ఏది చేస్తాడు?

అందుకే ఈ ప్రయత్నం. ఫిన్నీ నడుము ఎముకలోంచి మూలుగ తీసి హైదరాబాదులో ఒక ల్యాబుకు పంపారు. వాళ్లు అందులోంచి మూలకణాలు ఏరి, వారాల తరబడి మేత పెట్టి పెంచారు. వాటిని తెచ్చి ఆ ఎండిన ఎముకలోకి ఎక్కిస్తే, అక్కడ మళ్లీ ఎముక పుడుతుందని ఆశ. ఎక్కించే ముందు అవి బతికున్నాయో లేదో ఇక్కడ చూసుకోవాలి. ఆ చూడటం నేర్చుకోవడానికి ఫెబీని ఆ ల్యాబుకే పంపాడు డాక్టరు. అక్కడ గాజు పాత్ర అడుగున తన తమ్ముడి కణాలు చేపపిల్లల్లా బారులు తీరి ఉండటం ఆమె కళ్లారా చూసింది. క్రిములు లేవు, రకం సరైనదే, పాత్రకు గట్టిగా అంటుకుని పెరుగుతున్నాయి, ఏ పరీక్షకూ ఏ వంకా లేదని అక్కడి పెద్దావిడ చెప్పింది. కుర్రవాడి కణాలు గదా, మంచి ఊపు మీదున్నాయని నవ్వింది కూడా.

రంగయ్య పెట్టెను బల్ల మీద పెట్టాడు. రోజూ వచ్చీ రాగానే ఒక ఎకసెక్కెం ఆడి గానీ పోని మనిషి, ఆ రోజు మొహం కూడా ఎత్తకుండా బయటికి వెళ్లిపోయాడు.

ఫెబీ చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, పెట్టె మూత తీసింది. ఐసు దిండ్లు మెత్తగా ఉన్నాయి. నొక్కితే లోపల నీళ్లు కదిలాయి. కరిగే వేళ అయి ఉంటుందిలే అని మనసుకు సర్ది చెప్పుకుంది. సీసాలకు తోడుగా, పరీక్ష కోసమే విడిగా పంపిన చిన్న గొట్టాన్ని తీసి వెలుతురుకు పట్టి చూసింది. మెల్లగా తిప్పితే అడుగున ఉన్నది పొగలా పైకి లేచి కలిసిపోవాలి. ఇది లేవలేదు. సరిగా కలవని పిండిలా ఉండలు ఉండలుగా తేలింది.

అయినా చెయ్యాల్సింది చేసింది. అందులోంచి ఒక చుక్క పీల్చి, నీలి మందు ఒక చుక్క కలిపి, గళ్లు గీసిన గాజు పలక మీదికి వదిలింది. ఆ నీలి మందుకు ఒక గుణముంది. బతికున్న కణం దాన్ని లోపలికి రానివ్వదు, గుండ్రంగా, తెల్లగా మెరుస్తూ ఉంటుంది. చచ్చిన కణానికి అడ్డుకునే శక్తి ఉండదు, రంగు తాగేసి నీలంగా మారిపోతుంది. లెక్క యంత్రంలో కుడిచేతి మీట తెల్లవాటికి, ఎడమచేతి మీట నీలాలకు పెట్టుకుని లెక్క మొదలుపెట్టింది. ఎడమచేతి మీటే టక్కుటక్కుమంటోంది. కుడి చెయ్యి ఖాళీగా ఉండిపోయింది.

మందు పాతదేమోనని కొత్త సీసా విప్పింది. పలక మురికేమోనని కడిగి ఆరబెట్టి మళ్లీ చూసింది. కృపను పిలిచి చూడమంది. కృప చూసి, తల ఎత్తి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది. డాక్టరు వచ్చి, విడిగా పంపిన గొట్టం ఒక్కటే పాడైందేమో చూద్దామని ఎక్కించాల్సిన సీసాల్లోంచే ఒక చుక్క తీయించాడు. దాన్నీ ఆమే కలిపింది, ఆమే పలక మీద వేసింది. డాక్టరు చాలాసేపు కన్ను తీయకుండా చూశాడు. ఆకాశమంతా నీలమే. అక్కడక్కడా ఒకటీ అరా తెల్లచుక్క ఉంటే ఉంది.

"ఇవి ఎక్కించలేమమ్మా," అన్నాడు ఆయన చివరికి. "ఎక్కిస్తే మేలు మాట అటుంచు, లోపల వాపు వచ్చి ఇంకా చెడుతుంది."

మళ్లీ మూలుగ తీసి పెంచితేనో అని ఫెబీ అడిగింది. అంతకాలం ఆ ఎముక ఆగదని ఆయన మొన్నటి స్కానును గుర్తు చేశాడు. ఆమెకు తెలియనిదా! ఎవరైనా కాదంటారేమోనని అడిగింది, అంతే.

ఆ సాయంత్రమే రంగయ్యను డాక్టరు గదిలోకి పిలిచారు. గోపాలకృష్ణ చెడ్డవాడు కాదు, కోపం వస్తే మాత్రం ఎదుటి మనిషి మీద జాలి చూపడు. కణాలు హైదరాబాదులో బండెక్కేటప్పుడు బాగానే ఉన్నాయని అక్కడివాళ్లు ఫోనులో ఒట్టు పెట్టి చెబుతున్నారు, ఇక్కడికొచ్చేసరికి చచ్చిపోయాయి, మధ్యలో ఏం చేశావని నిలదీశాడు. రంగయ్య గోడకు ఆనుకుని, నేల చూపులు చూస్తూ, బండి వెనక భాగంలో ఏసీ ఆపేశానన్నాడు. ఎందుకు ఆపావంటే, డీజిలు మిగుల్చుకుందామని అన్నాడు. పెట్టె మీద కిటికీ ఎండ పడతా ఉంటే చూసుకోలేదు, తప్పయిపోయింది అన్నాడు.

అంతే, ఇంకెవరూ ఇంకో ప్రశ్న వెయ్యలేదు. డ్రైవరు నోట డీజిలు మాట వస్తే లోకం ఇట్టే నమ్మేస్తుంది. ఇన్నేళ్లుగా ఒక్క చుక్క డీజిలు అటూ ఇటూ పోనివ్వని మనిషని ఆ గదిలో అందరికీ తెలుసు, అయినా ఆ నిమిషాన అది ఎవరికీ గుర్తు రాలేదు. రేపటినుంచి రావద్దన్నాడు డాక్టరు.

ఫెబీ కూడా ఊరుకోలేదు. గది బయట అతనికి ఎదురుపడి అనేసింది.

"నువ్వు మిగుల్చుకున్న డీజిలు నా తమ్ముడి కాలు రంగన్నా. తాగు, కడుపు నిండా తాగు."

రంగయ్య ఆమె వైపు ఒకసారి చూశాడు. మళ్లీ తల దించుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఫిన్నీకి చెప్పడం డాక్టరే చేశాడు. చెబుతుంటే ఫిన్నీ దుప్పటి అంచును వేళ్లతో పొరలు పొరలుగా మడుస్తూ విన్నాడు, పలకలు విడదీసే అలవాటు ఆ వేళ్లకు ఇంకా పోలేదు పాపం. అంతా విన్నాక ఆ డ్రైవరు చేతులు విరగ అన్నాడు ఒక్కమాట. తర్వాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. తండ్రి మందలించబోయి, మానుకుని బయటికి వచ్చేశాడు.

వరండా చివర నీళ్ల డ్రమ్ము పక్కన కూర్చున్న తండ్రి దగ్గరికి ఫెబీ టీ తీసుకుని వెళ్లింది. ఆయన టీ గ్లాసు పట్టుకున్నాడే గానీ తాగలేదు. ఏడవడం లేదు. లెక్క తప్పిన మనిషిలా ఆలోచిస్తున్నాడు.

"అది కాదమ్మా, అవి ఎట్ల చచ్చిపోతయి?" అన్నాడు. "అంత ప్రార్థన చేసినాం గదా."

ఎప్పుడూ చేసే ప్రార్థన మాటే అనుకుంది ఫెబీ. ఆయనే చెప్పుకుపోయాడు. వాళ్ల ఊరు పుల్లలచెరువు అవతల అడవి అంచున, హైదరాబాదు రోడ్డు నుంచి కాస్త లోపలికి పోవాలి. ఫిన్నీ కోసం ఆ రోజు సంఘమంతా ఉపవాసం ఉండి మందిరంలో కూర్చుంది. అంతమంది నోట నీళ్లయినా పోసుకోకుండా ఎదురుచూస్తుంటే, బిడ్డను దాటించుకుని ఎట్లా పోతాను? రంగయ్య చెయ్యి పట్టుకుని బతిమాలి బండిని ఊళ్లోకి తిప్పించాడు. పెట్టెను తీసుకెళ్లి బల్ల మీద, బైబిలు పక్కన పెట్టారు. ఎవరికి జబ్బు చేసినా అక్కడ తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. రాలేనివాళ్ల రుమాలో, మందు సీసానో తెస్తే దాని మీదయినా ఉంచుతారు. ఇక్కడ వచ్చింది రుమాలు కాదు, సాక్షాత్తూ ఫిన్నీ ఒళ్లే వచ్చింది.

"మూత మీద చెయ్యి పెడితే అది డబ్బా మీద పెట్టినట్టు గానీ బిడ్డ మీద పెట్టినట్టు ఎట్లయితది?" అన్నాడు అబ్రహాము. "అందుకని మూత తీసినాం. చెయ్యి పట్టడంల్యా అంటే ఆ చల్లటి దిండ్లు తీసి పక్కన పెట్టినాం. అందరూ ఒకరెనక ఒకరు వచ్చి సీసాల మీద చేతులుంచినారు. పసిబిడ్డ మీద పెట్టినంత మెల్లగా పెట్టినారమ్మా. ఏడవని మనిషి లేడు. మన రేచలత్త అయితే రెండు చేతులతో పట్టుకుని వదిలితేనా."

తెరవొద్దని హైదరాబాదులో చెప్పలేదా అని ఫెబీ అడిగింది.

"చెప్పినారు. దారిలో ఎవరంటే వాళ్లు తెరుస్తారని చెప్పుంటారు. దేవుని ముందర తెరిస్తే తప్పేముంది? మళ్లీ దిండ్లన్నీ ఎట్ల ఉన్నవి అట్లనే పెట్టేసినాం." కొత్త సంగతి గుర్తొచ్చినట్టు అన్నాడు. "రంగయ్య పాపం, మూత వెయ్యండి, తొందరగా వెయ్యండి అని తిరగతానే ఉండె. మన ఏడుపులు చూసి ఇంక నోరు రాలే ఆయనకి. చెప్పులు విడిచి గుమ్మంలో నిలబడుకున్నాడు. అంత మంచోడు, వెనక ఏసీ ఎందుకు ఆపుకున్నాడో చూడు, ముందు సీట్లో ఉన్న నాకు తెలియనే లేదు."

రేకుల మందిరం. రోళ్లు పగిలే ఎండ. ఉపవాస ప్రార్థన అంటే పాట, సాక్ష్యం, మళ్లీ పాట. ఆ సీసాలు, ఆ వేడి అరచేతులు. ఫెబీకి కళ్లముందు గాజు పలక మీది నీలమంతా మళ్లీ పరుచుకుంది. తండ్రి ఆమె మొహంలోకి చూస్తూ, ఏందమ్మా అట్లయిపోయినావు అన్నాడు. ఏం లేదు నాయనా, టీ తాగు, చల్లారిపోతుంది అంది. ఇంకేం అనగలదు? కొడుకు కోసం ప్రాణమైనా ఇచ్చే మనిషికి, కొడుకు కాలు నీ చేతులతోనే పోయిందని ఏ నోటితో చెప్పడం?

మర్నాడు రంగయ్య అంబులెన్సు తాళాలు అప్పజెప్పడానికి వచ్చాడు. ఆఫీసులో తాళాలిచ్చి, బండి దగ్గరికి పోయి, ముందు అద్దానికి తగిలించుకున్న తన తువ్వాలు తీసుకుని, అలవాటు కొద్దీ దాంతోనే అద్దం తుడుస్తున్నాడు. ఫెబీ అక్కడికి వెళ్లి నిలబడింది. నిన్న అన్న మాటలు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయింది.

"నాయన చెప్పినాడు, మందిరం సంగతి," అంది.

రంగయ్య చెయ్యి ఆగింది. "ఆయనకి తెలిసిందా పాపా, దేనివల్లో?"

తెలియదంది. అతను ఊపిరి వదిలి, ఎప్పటికీ తెలియనివ్వొద్దన్నాడు. ఎందుకు అబద్ధమాడావు, దొంగవని పేరు ఎందుకు తెచ్చుకున్నావని ఆమె అడిగితే, బండిని రోడ్డు మీంచి తిప్పింది నేనే గదా, తాళం నా చేతిలోనే ఉంది గదా అన్నాడు. అది నిజమే గానీ అసలు సంగతి అది కాదని ఇద్దరికీ తెలుసు. కాసేపు తువ్వాలును మడతలు పెడుతూ ఉండి, చెప్పాడు.

"నా చిన్నబిడ్డకి జరమొచ్చింది. అమ్మవారు పోసిందనుకుని వేపమండలు కట్టి ఇంట్లోనే పెట్టుకున్నా. ఆస్పత్రికి తెచ్చేలోపల పోయింది. ఆలస్యం చేసి నువ్వే చంపుకున్నావని ఆ డాక్టరు మొగాన్నే చెప్పినాడు. ఆయన చెప్పింది నిజమే పాపా. కానీ ఇప్పటికీ ముద్ద ఎత్తితే ఆ మాటే చెవిలో పడతది. ఈ పెద్దయ్యకి అది వద్దు. నేను ఏదో ఒక బండి తోలుకుంటాలే."

అతను వెళ్లిపోయాక ఫెబీ డాక్టరు గది దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఆయనకు చెబితే రంగయ్య పని నిలబడుతుంది. డాక్టరు పిలిచి మందలిస్తే తండ్రికి తెలుస్తుంది, ఫిన్నీకి తెలుస్తుంది, సంఘమంతటికీ తెలుస్తుంది. చెప్పకపోతే ఒక నిజాయితీపరుడు దొంగగా మిగిలిపోతాడు. రేపు చెబుదాం, ఫిన్నీ కాస్త తేరుకున్నాక చెబుదాం అనుకుంది. ఆ రేపు ఎప్పుడూ మర్నాటికి జరుగుతూ పోయింది. ల్యాబులో అంబులెన్సు కొత్త డ్రైవరు తెచ్చిన రక్తం సీసాలు అందుకున్నప్పుడల్లా ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసేది. ఇంత చదువు చదివి, బతికినదేదో చచ్చినదేదో చూడటం నేర్చి ఏం లాభం అనుకునేది.

ఈలోగా అబ్రహాము సాయంత్రం ప్రార్థనలో రంగయ్య పేరు చేరింది. ప్రభువా, ఆ డ్రైవరు ఆశకు లోబడినాడు, నువ్వు క్షమించు, నాకూ క్షమించే మనసు ఇవ్వు అని మంచం పక్కన మోకరించి, కన్నీళ్లు కారుతుండగా ప్రార్థించేవాడు. ఫిన్నీ గోడవైపే తిరిగి ఉండేవాడు. ఆమేన్ అనడానికి ఫెబీకి నోరు తిరిగేది కాదు. ఆదివారం ఆరాధన అయ్యాక తండ్రి తెల్ల పంచె కట్టుకుని తయారై, పద అన్నాడు. కోపం లోపల పెట్టుకుని రొట్టె విరిచే ప్రభువు బల్ల దగ్గరికి ఎట్ల పోతాను, ఆ మనిషి ఇంటికే పోయి క్షమించినానని చెప్పి వస్తా, అతను కూడా దిగులు పెట్టుకుని ఉంటాడు అన్నాడు. ఫెబీ ఎండన్నది, బస్సులుండవన్నది, ఇంకో రోజు పోదామన్నది. ఆయన వినలేదు. ఒంటరిగా పంపలేక తనూ బయల్దేరింది.

గిద్దలూరు బస్సెక్కి బేస్తవారిపేటలో దిగి, అక్కడినుంచి ఆటోలో రంగయ్య ఊరికి వెళ్లారు. దారి పొడుగునా ఫెబీ ఇప్పుడు చెబుదామా, ఇప్పుడు చెబుదామా అనుకుంటూనే ఉంది. పక్కన తండ్రి మొహం అంత ప్రశాంతంగా ఉంది, దాన్ని చెరపడానికి ఆమెకు చేతకాలేదు.

రంగయ్య ఇంటి ముందు పందిట్లో గొర్రెకు బొచ్చు కత్తిరిస్తున్నాడు. అన్నదమ్ముల గొర్రెలు అవి. గొర్రె నాలుగు కాళ్లూ కలిపి కట్టి, మోకాలితో అదిమి, పెద్ద కత్తెర చర్మానికి తగలకుండా ఆనించి ఆనించి కోస్తుంటే బొచ్చు కంబళిలాగా ఒకే ముక్కగా ఊడి వస్తోంది. వీళ్లను చూసి కత్తెర కింద పెట్టి లేచాడు. వాళ్లెందుకు వచ్చారో తెలియక ఫెబీ కళ్లలోకి చూశాడు. ఆమె చూపు తిప్పుకుంది. అతని భార్య ఎల్లమ్మ నులక మంచం వాల్చి కూర్చోమంది. చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది, మొహంలో మాత్రం నవ్వు లేదు. డీజిలు దొంగ అన్న పేరు అప్పటికే ఆ ఊరి దాకా వచ్చి ఉంది. మొన్న బేస్తవారిపేటలో ఒకాయన బండి ఇస్తానని, ఆ మాట విని వద్దన్నాడట.

అబ్రహాము కూర్చోలేదు. రంగయ్య దగ్గరికి పోయి, చేతులు పట్టుకుని, నీ మీద నా మనసులో ఇంక ఏమీ లేదన్నాడు. నా కొడుకు కూడా ఒకనాటికి క్షమిస్తాడన్నాడు. నువ్వు ఒప్పుకుంటే ప్రార్థన చేస్తానన్నాడు. రంగయ్య కళ్లు ఎర్రబడ్డాయి. అట్లనే పెద్దయ్యా అని, ఆయన ముందు నేల మీద కూర్చుని, చేతులు జోడించి తల వంచాడు. బొచ్చు ముక్కలు ఇంకా అతని మోచేతులకు అంటుకునే ఉన్నాయి. అబ్రహాము ఆ తల మీద చెయ్యి ఉంచి, కళ్లు మూసుకున్నాడు. ప్రభువా, ఈ నీ బిడ్డ డబ్బుకు ఆశపడి చేసిన తప్పును...

ఫెబీ నోరు తెరిస్తే ఒక మనిషి కూలిపోతాడు, తెరవకపోతే ఇంకో మనిషి ఆ చెయ్యి కింద అట్లా కూర్చునే ఉంటాడు.

ఆగలేకపోయింది ఎల్లమ్మే.

"ఏం తప్పు చేసినాడని పెద్దయ్యా నువ్వు క్షమించేది?" అంది. రంగయ్య తల ఎత్తి, నువ్వు లోపలికి పో అన్నాడు. "పోను. నీకు నోరు లేకపోతే నాకు గూడ లేదా? ఊరంతా మొగాన ఉమ్మేస్తుంటే, ఇంటికొచ్చి తల మీద చెయ్యి పెట్టి మళ్లీ దొంగను చేస్తిరి. ఆ పాపను అడుగు. పెట్టె మూత తీసిందెవరో ఆ పాపకి తెలుసు."

అబ్రహాము చెయ్యి రంగయ్య తల మీదే ఉంది. మొహం తిప్పి కూతురి వైపు చూశాడు. రంగయ్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ఏసీ ఆగలేదు నాయనా," అంది ఫెబీ. "ఏ దొంగతనమూ లేదు. మందిరంలో మూత తీసి, ఐసు బయట పెట్టినారు గదా. అప్పుడే పోయినయి."

గొర్రె కట్టుకాళ్లతో ఒకసారి తన్నుకుంది. అబ్రహాము మెల్లగా చెయ్యి తీశాడు. తీసిన చేతిని ఏం చేసుకోవాలో తెలియనట్టు గాల్లోనే కాసేపు ఉంచుకుని, మంచం పట్టె మీద కూలబడ్డాడు. రంగయ్య లేచి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు, బండి తిప్పింది నేను గదా పెద్దయ్యా, తప్పు నాది కూడా అంటూ ఏదేదో చెబుతున్నాడు. ఆయనకు అవేవీ వినబడుతున్నట్టు లేదు.

"మన రేచలత్త చెయ్యి గూడనా?" అన్నాడు చివరికి, ఎవరినో ఊరడించడానికి అడిగినట్టు.

"అందరివీ నాయనా. వేడి అంతే. ఎవరిదని కాదు."

ఆయన తల ఊపాడు. ఎల్లమ్మకు ఇప్పుడు తన మాటే తనకు గుచ్చుకున్నట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గుంజకు ఆనుకుంది. ఎప్పటినుంచి తెలుసమ్మా అని తండ్రి అడిగాడు. నువ్వు టీ తాగకుండా కూర్చున్న రోజు నుంచే అని ఫెబీ చెప్పింది. తట్టుకోలేవని చెప్పలేదంది. చెప్పేటప్పుడే ఆమెకు తెలుసు, అది చాలదని.

"ముందే చెప్పుంటే," అన్నాడు అబ్రహాము, "నేను ఈ మనిషి నెత్తిన చెయ్యి పెట్టుండను గదమ్మా."

ఆయన ఏడుస్తాడనుకుంది. గుండె పట్టుకుంటాడనుకుంది. ఈ ఒక్క మాట వస్తుందని ఆమె అనుకోలేదు. ఇన్నాళ్లూ ఆయన్ను కాపాడుతున్నానని అనుకుంటూ ఆయన చేత ఏం చేయించిందో అప్పుడు తెలిసి, ఫెబీ నేల మీద తండ్రి కాళ్ల దగ్గర కూర్చుని మొహం దాచుకుని ఏడ్చింది. ఆయన చెయ్యి ఆమె తల మీదికి రాబోయి, మధ్యలోనే ఆగి వెనక్కి వెళ్లిపోయింది.

కాసేపటికి ఆయనే లేచాడు. రంగయ్య ముందు నిలబడి రెండు చేతులూ జోడించాడు. అతని పాదాల మీదికి వంగబోతుంటే రంగయ్య భుజాలు పట్టుకుని ఆపేశాడు, ఇద్దరూ అట్లాగే ఒకరినొకరు పట్టుకుని కొంతసేపు నిలబడిపోయారు.

"చొక్కా తొడుక్కో రంగయ్యా," అన్నాడు అబ్రహాము. "డాక్టరు దగ్గరికి పోదాం. నువ్వు దొంగవి కాదని నేను చెప్పాల, నువ్వు పక్కనుండాల." కూతురి వైపు తిరిగాడు. "ఫిన్నీకి నువ్వు చెప్పొద్దమ్మా. నేను చెప్తా."

రంగయ్య గొర్రె కాళ్ల కట్టు విప్పాడు. సగం బొచ్చుతోనే అది మందలోకి పరుగెత్తింది. ఎల్లమ్మ మిగతాది సాయంత్రం చూసుకుందాంలే అని చొక్కా తెచ్చి ఇచ్చింది. ముగ్గురూ ఆటోలో బేస్తవారిపేట వచ్చి, రోడ్డు మీద మార్కాపురం బస్సు కోసం నిలబడ్డారు. అక్కడ నీడ లేదు. అంత ఎండలో కూడా అబ్రహాము రెండు అరచేతులూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు, బస్సు వచ్చి ఆగాక, ఎక్కడానికి కమ్మీ పట్టుకోవలసి వచ్చేదాకా వాటిని బయటికి తీయలేదు.